టికెట్టు కొనకముందే పాస్‌పోర్టు

జగ్దల్‌పూర్‌కు బదిలీ మీద వచ్చిన మన ఉద్యోగులు ముందుగా అడిగేది అద్దె ఇల్లు, తర్వాత పిల్లల బడి, ఆ తర్వాత గ్యాస్ కనెక్షన్. పాస్‌పోర్టు సంగతి ఎవరూ అడగరు. అమెరికాలో ఉన్న అమ్మాయికి నెలలు నిండుతున్నాయనో, అబ్బాయికి జర్మనీలో సీటు వచ్చిందనో ఫోను వచ్చినప్పుడే బీరువా తెరుస్తారు. తీరా చూస్తే అమ్మ పాస్‌పోర్టు గడువు నాలుగు నెలల్లో అయిపోతోంది, నాన్నకు అసలు పాస్‌పోర్టే లేదు.

బస్తర్‌లో పనిచేస్తున్న ఈ కాలంలో తోటి ఉద్యోగుల కుటుంబాలకు, కొందరు ఖాతాదారులకు దరఖాస్తులు నింపడంలో సాయపడ్డాను. దగ్గరుండి చూసిన వాటిలో నాకు అర్థమైంది ఒక్కటే. ఆలస్యం ఎక్కువగా పాస్‌పోర్టు కార్యాలయంలో పుట్టదు, మన బీరువాలోనే పుడుతుంది. మన కాగితాలన్నీ ఒకే మాట చెబితే పని సాఫీగా సాగుతుంది. ఒక్కొక్కటి ఒక్కో మాట చెబితే ఎంత తొందరపడినా ఫలితం ఉండదు. అందుకే ఈ పాఠాన్ని ప్రయాణం నిశ్చయమైన వాళ్ల కోసం కాకుండా, ఇంకా ఏ ప్రయాణమూ లేని వాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ పుస్తకం వెనుక ఉన్న హక్కు

బస్తర్ మారుమూల ప్రాంతం, ఇక్కడి వాళ్లకు విదేశాలెందుకు అనుకుంటారు కొందరు. నారాయణ్‌పూర్ దగ్గర గఢ్‌బెంగాల్ అనే ఊరుంది. ఆ ఊరి మురియా బాలుడు చెంద్రూ, పులితో కలిసి ఒక స్వీడిష్ సినిమాలో నటించాడు. ఆర్నే సుక్స్‌డార్ఫ్ తీసిన ఆ చిత్రం 1957లో వచ్చింది. ఆ సినిమా పుణ్యమా అని చెంద్రూ స్వీడన్ కూడా వెళ్లి వచ్చాడు. అదే ఊరికి చెందిన వాద్యకళాకారుడు పండీరామ్ మండావీ తన వెదురు వేణువుతో అనేక దేశాలు తిరిగారు. 2025లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అడవి అంచున ఉన్న ఒక్క ఊరి కథే ఇది.

చెంద్రూ స్వీడన్ వెళ్లిన రోజుల్లో మన దేశంలో పాస్‌పోర్టు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి నిరాకరించాలి అన్న దానిపై సమగ్రమైన చట్టం లేదు. అది ప్రభుత్వం ఇష్టం. ఆ పరిస్థితిని మార్చిన తీర్పు 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఇచ్చింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి పాస్‌పోర్టులను వెనక్కి ఇచ్చేయమన్న కేసు అది. విదేశాలకు వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని కాదనడానికి వీల్లేదని ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా తీర్పు వచ్చింది. మెజారిటీ తరఫున ఉన్న ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రి వారు, కోకా సుబ్బారావు గారు. ఆ మర్నాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి పదవి వదిలేశారు.

ఆ తీర్పు ఫలితంగానే 1967 జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఏటా జూన్ 24ను పాస్‌పోర్టు సేవా దివస్‌గా జరపడానికి కారణం అదే. తర్వాత 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో, పాస్‌పోర్టు తీసుకునే పద్ధతి కూడా న్యాయంగా ఉండాలని కోర్టు చెప్పింది. అయితే హక్కు ఉన్నంత మాత్రాన పుస్తకం ఇంటికి రాదు. దాన్ని మనం అడిగి తెచ్చుకోవాలి, అడగడానికి మన కాగితాలు సిద్ధంగా ఉండాలి.

కాగితాలు చెప్పాల్సిన మూడు మాటలు

పాస్‌పోర్టు అధికారి మన పత్రాల్లో చూసేవి ముఖ్యంగా మూడు: పేరు, పుట్టిన తేదీ, చిరునామా.

*పేరు.* తెలుగువాళ్లకు వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే. మనం ఇంటిపేరును ఒక్క అక్షరంగా ముందు రాసుకుంటాం. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు ఒక గడి ఉంటాయి. పొడి అక్షరాలు పనికిరావు, పూర్తిగా రాయాలి. ఆధార్‌లో ఒక అక్షరంగా ఉన్న ఇంటిపేరు పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది. ఇక ఛత్తీస్‌గఢ్‌లో తీసుకున్న ఓటరు కార్డులో అదే పేరు హిందీలో విన్నట్టు రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి ఉంటారు. మన "సుబ్బలక్ష్మి" మూడు కార్డుల్లో ముగ్గురు మనుషులవుతుంది.

మా రిటైర్డ్ హెడ్ క్యాషియర్ గారి భార్య విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. మేమంతా ఆవిడను పిన్నిగారూ అని పిలుస్తాం. డల్లాస్‌లో కూతురి పురుడికి వెళ్లాలి. ఆధార్‌లో ఒక రకంగా, పాన్‌లో ఒక రకంగా, ఓటరు కార్డులో మరో రకంగా పేరుంది. అందరూ తత్కాల్‌లో పెట్టేయమన్నారు. తత్కాల్ పనిని తొందరగా జరిపిస్తుంది కానీ తేడా ఉన్న కాగితాలను కలపలేదు. ముందు పాన్ ప్రకారం ఆధార్ సరిచేయించాం, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాం. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, ఆవిడ వెళ్లారు. కానీ మనవరాలికి అప్పటికి మూడో నెల. "పురిటి స్నానం నా చేత్తో చేయించాలనుకున్నాను బాబూ" అన్నారు విమానం ఎక్కే ముందు ఫోనులో. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పేర్ల తేడా ఏళ్ల తరబడి ఉన్నదే. అవసరం వచ్చేదాకా ఎవరి కంటా పడలేదు, అంతే.

ఇంకో జాగ్రత్త. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తీసుకోకండి. అలా ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులను అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో నియమం పెట్టింది. పెళ్లయిన ఆడపిల్ల భర్త ఇంటిపేరు పెట్టుకుని తీరాలన్న నిబంధన మాత్రం లేదు. పుట్టింటి పేరుతోనే ఉండవచ్చు. ఏ పేరైనా అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

*పుట్టిన తేదీ.* 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. ఈ నియమం 2025లో వచ్చింది. అంతకుముందు పుట్టిన వాళ్లకు పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, జీవిత బీమా పాలసీ బాండు వంటివి చెల్లుతాయి.

చిన్నపిల్లలున్న వాళ్లు ఈ రోజే జనన ధ్రువపత్రం తీసి చూడండి. మనలో బారసాల ఆలస్యంగా చేసే ఇళ్లున్నాయి. ఆసుపత్రిలో నమోదైనప్పుడు పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. తర్వాత పేరు చేర్చే వీలుంది, ఏడాది లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో. పుట్టుక అసలు నమోదే కాకపోతే పని పెద్దదవుతుంది. 21 రోజుల్లోపు నమోదు ఉచితం. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి.

*చిరునామా.* బదిలీల ఉద్యోగంలో అందరూ అడిగే ప్రశ్న ఇది: "సొంతూరు గుంటూరు, ఉంటున్నది జగ్దల్‌పూర్, ఏది రాయాలి?" ఇప్పుడు ఉంటున్న చిరునామానే రాయాలి. పోలీసు విచారణ ఆ చిరునామాకే వస్తుంది, పుస్తకం కూడా అక్కడికే వస్తుంది. 2018 నుంచి దేశంలో ఏ ప్రాంతం నుంచైనా దరఖాస్తు చేసే వీలుంది. కాబట్టి సెలవుల్లో విశాఖపట్నం వెళ్లినప్పుడు అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. కానీ విచారణ మాత్రం మీరు ఫారంలో రాసిన జగ్దల్‌పూర్ ఇంటికే వస్తుంది. ఆ సమయంలో మీరు ఊళ్లో ఉండాలి.

మన కౌంటరు దగ్గర మొదలయ్యే పాస్‌పోర్టు

చిరునామా రుజువుల జాబితాలో ప్రభుత్వరంగ బ్యాంకుల ఫొటో ఉన్న పాస్‌బుక్కు ఒకటి. ఖాతా నడుస్తూ ఉండాలి, ఫొటో మీద బ్యాంకు ముద్ర పడి ఉండాలి, చిరునామా ఇప్పటిదై ఉండాలి. మనం రోజుకు ఎన్నో పాస్‌బుక్కులు ఇస్తాం. అందులో ఏది ఎవరికి విదేశీ దారి అవుతుందో మనకు తెలియదు.

కోంటా వైపు నుంచి ఒక దోర్లా యువకుడు మా బ్రాంచికి వచ్చాడు. చక్కటి తెలుగు మాట్లాడతాడు, అటు పక్క ఊళ్లలో ఇళ్లల్లో తెలుగే. జగ్దల్‌పూర్‌లో అద్దెకుంటూ హోటల్లో వంట పని చేస్తున్నాడు. దుబాయ్‌లో అవకాశం వచ్చిందట. అద్దె ఇంటికి రాతకోతలు లేవు, కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంది. "సార్, నా పేరు మీద ఈ ఊళ్లో ఉన్నది మీ బ్యాంకు పుస్తకమొక్కటే" అన్నాడు. కేవైసీ ప్రకారం చిరునామా మార్చి, కొత్త పాస్‌బుక్కు మీద ఫొటో అంటించి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చాం. పది నిమిషాల పని. మన కుటుంబ సభ్యులకు ఈ సంగతి చెప్పడానికి కారణముంది. ఇంట్లో ఆయనో ఆవిడో సాయంత్రం ఆలస్యంగా వచ్చి "పాస్‌బుక్కుల పనితోనే సరిపోయింది" అన్నప్పుడు, ఆ పనికి ఇంత విలువుందని మీకు తెలియాలి.

జగ్దల్‌పూర్ నుంచి దరఖాస్తు

మన ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం రాయ్‌పూర్‌లో ఉంది. కేశ్‌కాల్ ఘాట్ మీదుగా సుమారు మూడు వందల కిలోమీటర్లు. అన్ని పనులకూ అంత దూరం వెళ్లనక్కరలేదు. 2017 జనవరిలో మొదలైన పథకం కింద పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరిచారు. జగ్దల్‌పూర్ హెడ్ పోస్టాఫీసులోనూ అలాంటి కేంద్రముంది. తత్కాల్ వంటి కొన్ని దరఖాస్తులకు పెద్ద కేంద్రానికే వెళ్లాల్సి రావచ్చు. అపాయింట్‌మెంట్ ఎంచుకునేటప్పుడే అది చూసుకోండి.

వరస ఇది:

1. పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైటులో గానీ, ఎం పాస్‌పోర్ట్ సేవ యాప్‌లో గానీ పేరు నమోదు చేసుకోవాలి. ఇదే పేరును పోలిన నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. అదనపు సొమ్ము అడిగితే అది ప్రభుత్వ సైటు కాదని గుర్తించండి.
2. ఫారం నింపాలి. పాత పాస్‌పోర్టు ఏదైనా ఉంటే దాచకూడదు. తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్న సంగతి దాచినా చట్టంలోని 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.
3. ఆన్‌లైన్‌లో రుసుము కట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కట్టిన రుసుము ఏడాది దాకా చెల్లుతుంది, వెనక్కి మాత్రం రాదు.
4. ఆ రోజు అసలు పత్రాలు, నకళ్లు తీసుకెళ్లాలి. ఫొటో, వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్లటి నేపథ్యంతో ఫొటో మనమే తీసుకెళ్లాలి.
5. పోలీసు విచారణకు ఇంట్లో ఉండాలి. పౌరసత్వం, క్రిమినల్ కేసులు, ఈ రెండే వారు ముఖ్యంగా చూసేవి.
6. పుస్తకం స్పీడ్ పోస్టులో వస్తుంది. దరఖాస్తుదారు అందుబాటులో లేకపోతే తిరిగి పాస్‌పోర్టు కార్యాలయానికి వెళ్లిపోతుంది. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా తేదీలు లెక్క చూసుకోవాలి.

సందేహాలకు ఉచిత ఫోను నంబరు 1800-258-1800.

ఇప్పుడిస్తున్నవి ఈ-పాస్‌పోర్టులు. అట్ట మీద బంగారు రంగు చిన్న గుర్తు, లోపల చిప్పు ఉంటాయి. మీ దగ్గర పాతరకం పుస్తకం ఉంటే కంగారు పడవద్దు, దాని గడువు తీరేదాకా అది చెల్లుతుంది.

ఉద్యోగులకు ప్రత్యేకంగా

మనం ప్రభుత్వరంగ ఉద్యోగులం కాబట్టి బ్యాంకుకు తెలియజేసే దరఖాస్తు పెట్టాలి. అనెక్సర్ హెచ్ అనే నమూనాలో మన నియంత్రణాధికారికి ముందస్తు సమాచార లేఖ ఇచ్చి, దాని నకలు జతచేయవచ్చు. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రమైతే అనెక్సర్ జీ. పాస్‌పోర్టు చేతికి రావడం వేరు, విదేశానికి వెళ్లడానికి బ్యాంకు అనుమతి వేరు. రెండోది టికెట్టుకు ముందే తీసుకోవాలి. ఎల్‌ఎఫ్‌సీలో మధ్యలో విదేశాన్ని చుట్టివస్తే పన్ను మినహాయింపు వర్తించదని సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తేల్చింది. ఆ ఆలోచన ఉంటే మానుకోండి.

పిల్లలకు, పెద్దలకు

18 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లు గానీ, 18 నిండేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. 15 దాటిన పిల్లలు పెద్దల రుసుము కట్టి పదేళ్ల పుస్తకం తీసుకోవచ్చు. తల్లిదండ్రులిద్దరూ అనెక్సర్ డీ మీద సంతకం చేయాలి. ఒకరు ఆంధ్రలో, ఒకరు బస్తర్‌లో ఉండే మన ఇళ్లలో ఈ సంతకం కోసమే వారాలు గడుస్తాయి. పండక్కి కలిసినప్పుడే చేయించి పెట్టుకోండి.

అమ్మానాన్నలు పదో తరగతి చదవకపోతే వాళ్ల పుస్తకంలో ఈసీఆర్ ముద్ర పడుతుందేమోనని భయపడతారు. ఉద్యోగం కోసం కొన్ని దేశాలకు వెళ్లేవారికి వలస అనుమతి కావాలని చెప్పే గుర్తు అది. కొడుకునో కూతురినో చూడటానికి వెళ్లేవారికి అది అడ్డు కాదు. పైగా 50 ఏళ్లు దాటినవారికి వయసు రుజువు చూపితే ఆ ముద్ర ఉండదు.

గడువు తీరబోతే

అందరం "రెన్యువల్" అంటాం. నిజానికి పాత పుస్తకం గడువు పొడిగించరు, కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు. ఫారంలో దాన్ని రీ-ఇష్యూ అంటారు. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లది. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వెసులుబాటు వాడుకోవాలి, ఎందుకంటే సింగపూర్, థాయిలాండ్, ఎమిరేట్స్ వంటి అనేక దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. అంటే పదేళ్ల పాస్‌పోర్టు మనకు పనికొచ్చేది తొమ్మిదిన్నరేళ్లే. పాత పుస్తకంలో చెల్లుబాటయ్యే వీసా ఉంటే దాన్ని పారేయకండి, రెండూ కలిపి తీసుకెళ్లాలి.

పోతే, పాడైతే

మన దేశంలో పోతే వెంటనే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి నకలు తీసుకోవాలి. ఆ తర్వాత అనెక్సర్ ఎఫ్ ప్రమాణపత్రంతో రీ-ఇష్యూకు దరఖాస్తు చేయాలి. విదేశంలో పోతే అక్కడి పోలీసులకు, మన రాయబార కార్యాలయానికి చెప్పాలి. అత్యవసరంగా ఇంటికి రావాల్సి ఉంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది భారతదేశానికి తిరిగి రావడానికి మాత్రమే. పోయిందని చెప్పిన పుస్తకం తర్వాత దొరికినా దానితో ప్రయాణం చేయకూడదు, అప్పటికే అది రద్దయి ఉంటుంది.

బస్తర్ వానాకాలం సంగతి మీకు తెలుసు. గోడ బీరువాలో చెమ్మ, చెక్క అలమరలో చెదలు. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇనుప బీరువాలోనో, మన లాకరులోనో ఉంచండి. స్టేపుల్ చేయవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు. మొదటి, చివరి పేజీల నకలు విడిగా ఉండాలి. మరో మాట. పాస్‌పోర్టు మన దగ్గరున్నా చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అప్పుకు తాకట్టుగానో, ఉద్యోగానికి హామీగానో ఎవరికీ అప్పగించకూడదు.

రుసుములు (రూపాయల్లో)

- పెద్దలకు కొత్తది లేదా రీ-ఇష్యూ, 36 పేజీలు: 1,500
- అదే 60 పేజీలు: 2,000
- 18 ఏళ్లలోపు పిల్లలకు, 36 పేజీలు: 1,000
- పోయిన, పాడైన దానికి బదులు (పెద్దలకు), 36 పేజీలు: 3,000; 60 పేజీలు: 3,500
- తత్కాల్‌కు అదనంగా: 2,000
- పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్: 500

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, అరవై దాటినవారికి కొత్త పాస్‌పోర్టు రుసుములో 10 శాతం తగ్గింపు ఉంది. కట్టేముందు సైటులోని రుసుముల పట్టీ ఒకసారి చూసుకోండి.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గీతలు ఒక కాగితం మీద గీయండి. ఒక్కొక్కరి పేరు ఆధార్‌లో, పాన్‌లో, పదో తరగతి మెమోలో, పాస్‌బుక్కులో ఏ అక్షరాలతో ఉందో పక్కపక్కన రాయండి. పుట్టిన తేదీ, చిరునామా కూడా అలాగే. పాస్‌పోర్టు ఉన్నవాళ్ల గడువు తేదీ రాసి, దానికి ఏడాది వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టండి. తేడాలు కనబడిన చోట ఎర్ర సిరాతో చుట్టండి. ఎర్ర గుర్తుల్లో ముందుగా ఇంట్లో పెద్దవాళ్లవి సరిచేయించండి. వాళ్ల కాగితాలే పాతవి, వాళ్ల ప్రయాణాలే ఉన్నట్టుండి వస్తాయి.